బి-షిఫ్టు పేజీ

భిలాయి, సెక్టార్-5,
14 జులై 1996, ఆదివారం.

చి.ల.సౌ. సీతాలక్ష్మికి,

నీ భర్త గురునాథరావు దీవెనలతో రాసేది. ఇక్కడ నేను క్షేమం, టీవీ క్షేమం, పెరట్లో నువ్వు పాకించిన బీరతీగ మా ఇద్దరికంటే క్షేమం. అక్కడ పార్వతీపురంలో నువ్వూ, మీ పెద్దక్కగారూ, ఆవిడ ఆపరేషనైన కన్నూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. వానలో తడిసి కవరు మీద సిరా కారింది గాని లోపల అక్షరాలు భద్రంగానే ఉన్నాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి వదినగారి కన్ను సంగతి తెలుసుకుందామని, రెండోసారి నా కోసం ప్రత్యేకంగా ఏమైనా రాశావేమోనని. వదినగారి సంగతి చాలా సంతోషం. నా కోసం మాత్రం "గ్యాసు బుక్ చేశారా" అని ఉంది.

చేశాను. బండ వచ్చింది కూడా. నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ప్లాంటు టైమాఫీసులో ఇన్నేళ్ళూ జనం హాజరు రాసిన చెయ్యి కదా, వరస తప్పితే నాకు తోచదు. పాలు ఒక పూటే పోయించుకుంటున్నాను. వంటింటి కిటికీ దగ్గర వాన కారుతోందా అన్నావు. కారుతోంది. క్వార్టర్ల రిపేరు వాళ్ళకి కంప్లయింటు రాయించాను. వాళ్ళు వచ్చి, తల పైకెత్తి చూసి, కారుతున్న మాట నిజమేనని ఒప్పుకుని వెళ్ళారు. భోజనం ఏం చేస్తున్నారన్నావు. పప్పు వండుకుంటున్నాను. ఒకనాడు మాడుతోంది, ఒకనాడు ఉడకడం లేదు. రెండిటికీ మధ్య ఏదో ఘడియ ఉందని తెలుసు గాని అది నాకు చిక్కడం లేదు. నువ్వు పెట్టి వెళ్ళిన మాగాయ జాడీ అడుగు కనబడుతోంది.

వదినగారు ఎదుటి గోడ మీద సినిమా పోస్టరు చూసి "ఈ హీరో ఇంత ముసిలోడైపోనాడేటే సీతా!" అన్నారని రాశావు. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని పైకి నవ్వాను. పక్కింటి అప్పలకొండ గోడ మీంచి తల పెట్టి "ఏటి బాబూ, అమ్మగారొచ్చేసినారా?" అని అడిగాడు. నేను ఒంటరిగా నవ్వగలనని అతనికి నమ్మకం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. నీ ఉత్తరం చివర మాత్రం రెండు వాక్యాలున్నాయి. "తొందరేముంది, ఇంకో నెల ఇక్కడే ఉంటాను. నా పేజీ లేకపోతే మీ పత్రికేం ఆగిపోదు, అయినా దాన్ని ఎవరు చదువుతారు లెండి." ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. అది వరసలో చివరికి వస్తుంది, ఓపిక పట్టు. నిన్ను ఇంటికి రప్పించుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నానని మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను, తరవాత మోసం చేశానని అనకు.

ముందుగా "మీ పత్రిక" అన్నావు చూశావా, అది నాకు నచ్చలేదు. అది మొదలైందే నీ కేకలతో. టీవీ కొన్న కొత్తలో ఆదివారం మధ్యాహ్నం దేశంలోని భాషల సినిమాలన్నీ వంతులవారీగా వేసేవాళ్ళు. ఒక వారం బెంగాలీ, ఒక వారం ఒరియా, మన తెలుగు వంతు ఎప్పుడొస్తుందో ఈ సెక్టార్లలో ఎవరికీ తెలిసేది కాదు. వంతొచ్చిన ఆదివారమే నేను యాంటెన్నా విప్పి పెరట్లో పెట్టుకుని తుడిచాను. "ముందుగా తెలుసుకునే దారి ఏదీ లేదా ఈ ఊళ్ళో!" అని నువ్వు ఆరోజు అన్నం కూడా సరిగా వడ్డించలేదు. ఆ కోపం నుంచి పుట్టిందే మన 'తెరముందు'. ఆంధ్ర సంఘం వాళ్ళ సైక్లోస్టైల్ మిషను మీద, రెండు కాగితాలు. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి గనక స్టెన్సిల్ మీద గుండ్రంగా రాసింది నువ్వు. వారం వారం నీ చేతిరాతే ఇంటింటికీ వెళ్ళింది.

దూరదర్శన్ వాళ్ళు వారానికి సరిపడా కార్యక్రమాలు ముందుగా వేసుకోవడానికి మనకు అనుమతి ఇచ్చారు గాని షరతులు పెట్టారు. ఇచ్చింది ఇచ్చినట్టు వేయాలి. ఒక్కటీ విడవకూడదు, వరస మార్చకూడదు, వేరే ఎవరికీ ఇవ్వకూడదు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి పెళ్ళి ఫోటో పక్కన పెట్టానని నువ్వు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతావు. చెప్పుకో. ఆ షరతులు నేను ఎన్నడూ మీరలేదు. పొద్దుటి ప్రార్థన గీతం దగ్గర్నుంచి సాయంకాలం రైతుల కార్యక్రమం దాకా అన్నీ వేశాను. "స్టీలు ప్లాంటులో దున్నేవాడు ఎవడండీ, ఆ వ్యవసాయం తీసేసి నాలుగు మంచి ముక్కలు వేసుకుందాం" అని నువ్వు ఎన్నిసార్లు అన్నా తియ్యలేదు.

అయినా పత్రికకి ప్రాణం పోసింది నా వరస కాదు, నీ ఆలోచనే. ఒక్కో కార్యక్రమం పక్కన ఎ, బి, సి అని చిన్న అక్షరాలు పెడదామన్నావు. పొద్దుటి డ్యూటీ వాళ్ళు చూడగలిగింది ఏది, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిదాకా ఉండే బి-షిఫ్టు వాళ్ళకి మిగిలేది ఏది, నైటు డ్యూటీకి బయల్దేరే ముందు చూసుకోగలిగింది ఏది అని. ఇది 'మార్చడం' కిందికి వస్తుందేమోనని నేను భయపడి స్టేషనుకి ఉత్తరం రాశాను. అభ్యంతరం లేదని వాళ్ళు జవాబిచ్చేసరికి అక్షరాలు పెట్టి ఏడాది దాటింది. నాకు తెలియకుండా నువ్వు ఏనాడో పెట్టేశావు. తీరా గుర్తులన్నీ పెట్టి చూస్తే బి-షిఫ్టు వాళ్ళకి ఏమీ మిగల్లేదు. ఆదివారం సినిమా మొదలయ్యే వేళకి ఇంట్లోంచి బయల్దేరాలి, రాత్రి సీరియళ్ళన్నీ అయిపోయాక గేటు దాటాలి. "పాపం వీళ్ళకి ఏం జరిగిందో మనమే చెబుదాం" అని నువ్వు 'డ్యూటీలో ఉన్నవారికి' అని ఒక పేజీ రాయడం మొదలుపెట్టావు. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ దాన్ని బి-షిఫ్టు పేజీ అనే అన్నారు. పేరు వెయ్యనా అంటే "జరిగిన కథ చెప్పడానికి నా పేరెందుకండీ" అన్నావు.

ఇదంతా నీకు తెలిసిందే. మళ్ళీ రాసుకుంటే బాగుంది, అందుకు రాశాను.

ఇక నీ ఉత్తరంలో నువ్వు అప్పలకొండని అడిగావు, బీరతీగని అడిగావు, రామచంద్రరావు గారి మోకాళ్ళ నొప్పుల్ని అడిగావు. ఒక్కణ్ణి మాత్రం అడగలేదు. ఏడాదిన్నరగా ఆ పేరు నీ నోట రాలేదు. నేను రాస్తాను, ఉత్తరం పక్కన పడెయ్యకు. మీ తమ్ముడు చినబాబు.

వాణ్ణి ఎనిమిదో ఏట మనం ఇక్కడికి తెచ్చుకున్నాం. మనకి పిల్లలు లేని లోటు వాడితో తీరిందని నువ్వే అనేదానివి. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్స్‌లో ఉద్యోగం వచ్చి, భాగ్యరేఖని పెళ్ళి చేసుకుని మరోదా కాలనీలో కాపురం పెట్టినా, ఆదివారం భోజనం మన ఇంట్లోనే. అలాంటివాడు కేబుల్ మనోజ్‌కుమార్‌తో కలిసి 'కేబుల్ కబుర్లు' అని గులాబీరంగు కాగితం మీద పోటీ పత్రిక పెట్టాడు. రోజూ తెలుగు సినిమా, రోజూ పాటలు. మనం పసుపు కాగితానికి మారాం. వాళ్ళు సినిమా తార బొమ్మ వేస్తే మనం దసరాకి అమ్మవారి బొమ్మ వేశాం. అంతవరకు నాకు కోపం లేదు, నిజం చెబితే కాస్త హుషారుగానే ఉండేది. కాని ఆంధ్ర సంఘం వార్షికోత్సవంలో వాడు మైకు ముందు నిలబడి "అయిపోయిన సీరియల్ కథలు ఎవరు చదువుతారండీ ఈ రోజుల్లో" అన్నాడు. జనం నవ్వారు. నువ్వు లేచి చెంగు దులుపుకుని బయటికి నడిచావు. ఆ పేజీ ఎవరు రాస్తారో ఆ హాల్లో మన ముగ్గురికే తెలుసనుకున్నాను. ఆనాటి నుంచి వాడు మన గుమ్మం తొక్కలేదు, నువ్వు తొక్కనివ్వలేదు. పెద్దక్క ఆపరేషనుకి కూడా డబ్బు పంపాడు గాని, నువ్వు అక్కడున్నావని రాలేదు.

ఇప్పుడు నువ్వు వెళ్ళాక జరిగింది చెబుతాను.

నువ్వు రాసిపెట్టి వెళ్ళిన పేజీ మొదటి వారానికి సరిపోయింది. రెండోవారం నేను కూర్చున్నాను. మంగళవారం రాత్రి ఆ కోర్టు సీరియల్, అదే, రైల్లో తప్పిపోయిన పిల్లాడి కోసం తల్లి కేసు నడుపుతోంది చూడు, అది కళ్ళు ఆర్పకుండా చూసి రాశాను. నేను రాసింది యథాతథంగా ఇక్కడ ఇస్తున్నాను. "తొమ్మిది గంటలకు ప్రారంభమయ్యెను. తల్లి హాజరు. వకీలు ఆలస్యముగా వచ్చెను. పిల్లవాడు గైరుహాజరు. తొమ్మిదిన్నరకు ముగిసెను." నవ్వకు. నేను చాలా కష్టపడి రాశాను.

అప్పలకొండ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. అతను వారానికి రెండు కాపీలు తీసుకుంటాడు కదా, ఒకటి ఇంటికి, ఒకటి మరోదాలో ఎవరికో ఇవ్వాలని.

"ఇదేటి బాబూ, కథా, హాజరు పట్టీయా?" అన్నాడు.

"జరిగిందే రాశానయ్యా."

"జరిగింది మాకూ తెలుస్తాది బాబూ, ఇంట్లో ఆడోళ్ళు సెప్తారు. ఆయమ్మ ఎలగేడిసిందో, ఎందుకేడిసిందో మీ కాయితంలో ఉండేది. అదేదీ?"

తరవాత రెండు వారాలు ఆ పేజీ వెయ్యడమే మానేశాను. సెక్టార్లలో కాపీలు మిగిలిపోవడం మొదలుపెట్టాయి. రైతుల కార్యక్రమంతో సహా అన్నీ వరసగానే ఉన్నా ఎవరికీ అక్కర్లేకపోయింది. పత్రిక ఆపేస్తే మేలేమో అనుకున్నాను. నీకు రాయలేదు, దిగులుపడతావని కాదు, పడవేమోనని.

క్రిందటి ఆదివారం పొద్దున్న వాన వెలిసింది. నేను పెరట్లో బీరకాయలు కోస్తున్నాను. గేటు దగ్గర స్కూటర్ ఆగింది. చూస్తే చినబాబు. దిగలేదు, హెల్మెట్ కూడా తియ్యలేదు. చేతిలో మన పసుపు కాగితం.

"బావా, అక్క పేజీ ఏదీ?" అన్నాడు, పలకరింపు లేకుండా.

"మీ అక్క పార్వతీపురంలో ఉంది. లోపలికి రా."

"లోపలికి వద్దులే. ఊరెల్లిందని తెలుసు. పేజీ రాసి పంపదా? పోస్టులు లేవా? రెండు వారాలయింది యార్, మా గ్యాంగంతా నా పీక మీద కూసున్నారు!"

"నీ గ్యాంగుకి మా పత్రికతో పనేమిట్రా? మీకు గులాబీ కాగితం ఉంది కదా."

వాడు హెల్మెట్ తీసి స్కూటర్ మీద పెట్టాడు. కాసేపు గేటు గొళ్ళెం ఇటూ అటూ జరిపాడు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూపించే ముందు చేసేవాడు చూడు, అదే పని.

"నేనే సదివి ఇనిపిస్తాను బావా," అన్నాడు. "బి-షిఫ్టు టీ టైములో. మొదట్నుంచీ. అప్పలకొండన్న తెచ్చే రెండో కాపీ నాకే. రాసేది మా అక్కేనని మా గ్యాంగుకొక్కటే సెప్పాను, అక్క ఎలగ రాస్తే అలగే సదువుతాను. మనవాళ్ళకి తెలుగులో, సాహూకీ యాదవ్‌కీ హిందీలో. సీరియల్ హిందీదే కదా, వాళ్ళు ఇంట్లో సూసొచ్చినా సరే, 'దీదీ నే క్యా లిఖా, పహలే వో సునా' అంటారు, అక్క రాసింది ముందు ఇనిపించమని. దీదీ సెప్తేనే వాళ్ళకి కథ అయినట్టు."

నేను బీరకాయలు కింద పెట్టి గేటు దగ్గరికి వెళ్ళాను.

"మరి ఆరోజు మైకు ముందు అలా ఎందుకన్నావురా?"

"పోటీ పెట్టాను కదా బావా. నీ పత్రికలో దేన్ని తిట్టాలా అని సూస్తే, తిట్టడానికి బలమైనది అదొక్కటే కనబడింది." వాడి గొంతు తగ్గింది. "అక్క లేచి ఎలిపోతుందనుకోలేదు. ఆ సాయంకాలమే వద్దామనుకున్నాను. రేపొద్దాం, రేపొద్దాం అనుకుంటే ఇలగైపోయింది."

సీతా, నాకు వాడి మీద కోపం రావాల్సింది. రాలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కోక్ ఒవెన్స్ వేడిలో, మొహాలు మసిబారి, టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్న మగాళ్ళు నువ్వు రాసిన ముక్కలు వింటున్నారని తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఆ పేజీ ఆడవాళ్ళ కాలక్షేపం అనుకున్నాం మనం. ఎవరు చదువుతారో మనకే తెలియదు.

వాడు లోపలికి వచ్చాడు. పంచదార డబ్బా ఎక్కడుందో నన్ను అడగలేదు. అల్లం దంచి టీ పెట్టాడు. స్టవ్ మీద మాడిన పప్పు గిన్నె చూసి ఏమీ అనకుండా తోమేశాడు. ఆ మధ్యాహ్నం భాగ్యరేఖ క్యారియర్ పంపింది. "అన్నయ్యగారూ, దాల్ జలా దియా అంట కదా, రోజూ ఇక్కడ్నుంచే పంపుతాను" అని కబురు. కాబట్టి వారం రోజులుగా నేను సుఖంగా తింటున్నాను. పైన పప్పు గురించి రాసింది పాత సంగతి, నీకు జాలి కలగాలని ముందు పెట్టాను.

టీ తాగుతూ పత్రికల సంగతి మాట్లాడుకున్నాం. వాడి ఇబ్బంది వాడిది. క్రిందటేడు వచ్చిన కొత్త చట్టం ప్రకారం కేబుల్ వాళ్ళు కూడా దూరదర్శన్ ఛానళ్ళు రెండు చూపించి తీరాలి. చూపిస్తున్నారు గాని వాటిలో ఎప్పుడు ఏం వస్తుందో ముందుగా వేసుకునే అనుమతి వాడికి లేదు. గులాబీ కాగితంలో ఆ రెండు గడులూ ఖాళీ. మన పసుపు కాగితంలో ఆ రెండు గడులు తప్ప ఏమీ లేదు. జనం విసుక్కుంటూ రెండూ కొంటున్నారు, లేదా రెండూ మానేస్తున్నారు.

"నీ షెడ్యూలు నాకిచ్చెయ్ బావా, ఒకే పత్రిక ఏద్దాం," అన్నాడు.

నేను గోడ మీద ఫ్రేము చూపించాను. "వేరే ఎవరికీ ఇవ్వకూడదు. ఇచ్చింది ఇచ్చినట్టు ఉండాలి."

వాడు ఫ్రేము దగ్గరికి వెళ్ళి మొత్తం చదివాడు. ఇన్నేళ్ళలో దాన్ని పూర్తిగా చదివిన రెండోవాడు వాడే. తరవాత మన పసుపు కాగితం తీసి, దాని చుట్టూ తన గులాబీ కాగితం మడిచాడు, మనం వాడి స్కూలు పుస్తకాలకి అట్టలు వేసేవాళ్ళమే, అలాగ. "నువ్వు నాకేమీ ఇవ్వటం లేదు. నీది నీలాగే ఉంది, ఒక్కక్షరం మారలేదు. నేను ఊరికే పైన అట్ట ఏస్తన్నాను. ఇందులో తప్పేటుంది?" అన్నాడు.

ఎంత ఆలోచించినా తప్పు కనబడలేదు. ఇంకో అనుమతికి ఉత్తరం రాశాననుకో. జవాబు వచ్చేలోపు వేసేశాం. నిన్న శనివారం సంచిక అలాగే వెళ్ళింది, గులాబీలో పసుపు. మనోజ్‌కుమార్ ముందు గొణిగాడు గాని, కాపీలు ఎలా పోతున్నాయో చూసి సాయంకాలానికి సర్దుకున్నాడు. ఒక్కటి కూడా మిగల్లేదు.

ఇక నేను ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది. నిన్నటి సంచికలో నేను వ్యవసాయం తీసేశాను. అవును, నేనే. గురువారం సాయంకాలపు రైతుల కార్యక్రమం, రెండు వరసలు, స్టెన్సిల్ మీద రాయకుండా వదిలేశాను. ఆ చోటులో ఇది వేశాను: "బి-షిఫ్టు పేజీ మొదటినుంచీ రాస్తున్నవారు శ్రీమతి సీతాలక్ష్మి. ఆమె ఊరు వెళ్ళిరి. ఆమెవలె రాయుట మా వల్ల కాలేదు." నిన్ను అడగకుండా నీ పేరు వేశాను. తిట్టాలనుకుంటే ఇంటికి వచ్చి తిట్టు, ఉత్తరంలో వద్దు.

అప్పలకొండ చూసి "ఇన్నాళ్ళూ మీరే రాస్తన్నారనుకున్నాం బాబూ. ఆ హాజరు పట్టీ సూసినప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు. రామచంద్రరావు గారు మాత్రం ఆ మోకాళ్ళతోనే గొడుగు వేసుకుని వచ్చి, "నా రైతుల కార్యక్రమం ఏదయ్యా?" అని నిలదీశారు. క్వార్టర్ పెరట్లో మిరప వేసుకున్నారుట, ఆకు ముడత పడిందిట. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడి కోసమైనా ఆ కార్యక్రమం వేయడం న్యాయమే అయింది, చూశావా. క్షమించమన్నాను, పై వారం మళ్ళీ వేస్తానన్నాను. వెళ్ళబోతూ నీ పేరున్న చోటు వేలితో తట్టి, "అమ్మాయి ఎప్పుడొస్తుందో అదీ వెయ్యి" అన్నారు. నా దగ్గర వెయ్యడానికి తేదీ లేదు. కార్యక్రమాలు మార్పులకు లోబడి ఉండును అని వారం వారం పత్రిక అడుగున రాసుకునే మనిషిని గనక ఏదో సర్దుకుని చెప్పాను.

రెండోది. బుధవారం నీ ఉత్తరం వచ్చిన సాయంకాలం చినబాబు ఇక్కడే కూర్చుని స్టెన్సిల్ రాస్తున్నాడు. నీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం నేను పైకి చదివాను. "అయినా దాన్ని ఎవరు చదువుతారు లెండి." వాడి చేతిలో గంటం ఆగిపోయింది.

"అది అక్క మాట కాదు బావా," అన్నాడు. "నా మాట."

స్టెన్సిల్ పక్కన పెట్టేశాడు. లేచి వెళ్ళి, మర్నాడే సెలవు పెట్టాడు.

ఇప్పుడు ఈ కవరు ఒకసారి తిప్పి చూడు. స్టాంపు లేదు. పోస్టాఫీసు ముద్ర లేదు. ఈ సాయంకాలం దుర్గ్ స్టేషన్లో వైజాగ్ బండి ఎక్కేవాడి చేతికి ఇస్తున్నాను. కవరు నీ చేతికి ఇచ్చిన మనిషి ఎవరో నీకు ముందే తెలుసు. నువ్వు మొహం తిప్పుకుని, ఉత్తరం మాత్రం అందుకుని ఉంటావు. నువ్వు చదవడం అయ్యేదాకా నోరు మెదపనని నాకు మాటిచ్చాడు, గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. వదినగారు లోపలి నుంచి కొత్త కంటితో వాణ్ణి చూసేసి ఈపాటికి కేకలు వేస్తూనే ఉండాలి.

వాడికి తిరుగు టిక్కెట్లు రెండు తీసి ఇచ్చాను. వదినగారి కన్ను నిమ్మళిస్తే రా. ఇంకా కొన్నాళ్ళు ఉండాలంటే ఉండు, వాణ్ణి ఒక్కణ్ణే పంపు, నేను ఏమీ అనుకోను అని రాద్దామనుకున్నాను గాని అది అబద్ధం. నువ్వు లేకుండా ఈ ఇంట్లో టీవీ చూడబుద్ధి కావడం లేదు సీతా. అది ఏం చూపించినా నువ్వు చెప్పాకే అయినట్టు ఉంటుంది నాకు కూడా.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. వాడు తప్పయిందని నోటితో అనడు. అనడం వాడికి రాదు, మన దగ్గర పెరిగినవాడు కదా, మనం నేర్పలేదు. గత నెలంతా వాడికి డ్యూటీలే, ఆ కోర్టు సీరియల్ రెండు వారాలు ముక్క తెలియదు. నువ్వు వదినగారి ఇంట్లో చూస్తూనే ఉన్నావని రాశావు. కాబట్టి నువ్వు తలెత్తగానే వాడు అడిగేది ఒక్కటే ఉంటుంది: "ఆ పిల్లాడు ఏటయ్యాడక్కా?"

అదే వాడి క్షమాపణ అనుకో. లోపలికి రానిచ్చి, కాఫీ ఇచ్చి, మొదటి నుంచి చెప్పు.

ఇట్లు,
నీ పేజీ కోసం కాచుకుని ఉన్న నీ భర్త,
గురునాథరావు